దుర్గాంబ పదో పేపరు

దుర్గాంబకి ఎమ్మే హిస్టరీలో మొత్తం పది పేపర్లు. తొమ్మిది పేపర్లు మొదటి రెండేళ్ళలోనే గట్టెక్కాయి. పదోది ఉంది చూశారూ, అదే ఆవిడ ప్రాణం తోడేసింది. ‘ఆధునిక పాశ్చాత్య ప్రపంచ ఆవిర్భావం’ అని దాని పేరు. పదిహేనో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరపులో ఎవరు ఎవరిని తన్నారు, ఎవరు ఏ దేశాన్ని వెతుక్కుంటూ ఓడెక్కారు, ఏ మతం ఎందుకు చీలింది, ఇంగ్లండులో గొర్రెల కోసం పొలాల చుట్టూ కంచెలు ఎందుకు కట్టారు, అదంతా అన్నమాట. నూటికి నలభై వస్తే చాలు. మొదటిసారి ముప్ఫై ఒకటి వచ్చింది. రెండోసారి ఇరవైతొమ్మిది. చదివినకొద్దీ మార్కులు తగ్గడమేమిటో ఆ దేవుడికే తెలియాలి.

గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో ఆవిడని ఎరగని బ్రాహ్మల ఇల్లు లేదు. ఎమ్మే చదువుతోందని కాదు లెండి, తద్దినం వంటకి. భర్త అనంతపద్మనాభం మంత్రం చెబుతాడు, ఆవిడ మడి వంట చేస్తుంది. ఎవరింట్లో పెద్దల తిథి వచ్చినా ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను. తెల్లారేసరికి తడిబట్టతో ఎవరి వంటింట్లోనో పొయ్యి ముందు నిలబడితే, భోక్తలు తిని చేతులు కడుక్కునేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే పని. నలభై ఆరేళ్ళకే మోకాళ్ళు పోయాయి. దగ్గు పట్టుకుని వదలడం లేదు. ‘తద్దినాల దుర్గమ్మగారు’ అన్న పేరు మాత్రం స్థిరపడిపోయింది. ఆ పేరు వింటే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. బతికున్న మనిషికి అదేం పేరండీ!

పదో తరగతితో చదువు మాన్పించి పెళ్ళి చేసిన పిల్ల ఆవిడ. ముప్ఫయ్యో ఏట తనంతట తనే పట్టుబట్టి దూరవిద్యలో డిగ్రీ చదివింది. తరవాత ఎమ్మేలో చేరింది. మొదటి ఏడాది పరీక్షలప్పుడు, హాలు బయట కూచుని తోటివాళ్ళకి అశోకుడి శాసనాల గురించి చెబుతుంటే, ఇన్విజిలేటర్‌గా వచ్చిన నసీమున్నీసా మేడమ్ నిలబడి విన్నది. ఆమె కొత్తపేటలో ఆడపిల్లల జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాల్. “మీరు పాఠం చెబితే పిల్లలు నోరెత్తకుండా వింటారమ్మా. ఎమ్మే పూర్తిచేసుకుని రండి, హిస్టరీ పోస్టు మీకే ఇస్తాను” అంది. దుర్గాంబ ఆ మాటని గుండెల్లో దాచుకుంది. ఇక ఈ వంటింటి పొగనుంచి బయటపడే దారి అదొక్కటే.

అయితే యూనివర్సిటీ వాళ్ళది ఒక నిబంధన ఉంది. చేరిన ఆరేళ్ళలోగా అన్ని పేపర్లూ పాసవ్వాలి. ఒక్కటి మిగిలినా సరే, పాసైన తొమ్మిదీ చెల్లవు. మళ్ళీ మొదటినుంచి చేరి, అశోకుడి దగ్గరనుంచి మొదలెట్టాలి. లెక్కన పదో పేపరుకి ఐదు అవకాశాలు. అందులో రెండు అప్పటికే పోయాయి.

ఆ పుస్తకం సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో ఎవరో రాసినదాన్ని తెలుగులోకి తెచ్చామనుకున్నారు. వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. ‘సంక్రమణ దశయందలి ఆవరణీకరణము నిర్వహించిన పాత్ర కొందరు చరిత్రకారులచే తక్కువగా అంచనా వేయబడియున్నదిగా భావింపబడుచున్నది.’ ఇదీ వరస! ఎవరు ఏం చేశారో, ఎవరు ఏమనుకున్నారో నూరుసార్లు చదివినా బోధపడదు. గొర్రెలకి కంచె కట్టారని చెప్పడానికి మూడు పేజీలు. అనంతపద్మనాభం ఒకరోజు కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ చదివి, పుస్తకం మూసి చేతికిచ్చాడు. “మీమాంసే నయమే దుర్గా. అందులో కనీసం వాక్యం పూర్తవుతుంది” అన్నాడు.

అర్థం కానప్పుడు ఏం చేస్తాం? బట్టీ పడతాం. దుర్గాంబకి అది పుట్టింటినుంచే వచ్చింది. వాళ్ళ నాన్న సింగరాయకొండ దగ్గర పిల్లలకి వేదం చెప్పేవాడు. గురువు ఒకసారి అంటే శిష్యులు రెండుసార్లు అనడం, దాన్ని సంత చెప్పడం అంటారు. ఆడపిల్లకి చెప్పలేదుగానీ, తలుపు వెనక నిలబడి విన్నది చెవిలో ఉండిపోయింది. పైగా మడి కట్టుకున్నాక పుస్తకం ముట్టుకోవడానికి లేదు. తెల్లారినప్పటినుంచి రెండింటిదాకా చేతిలో గరిటె తప్ప కాగితం ఉండదు. అంచేత ఆవిడ ముందురోజు పాఠం కంఠతా పట్టి, మర్నాడు గారెలపిండి రుబ్బుతూ, పరమాన్నం కలుపుతూ లోపల వల్లె వేసుకునేది. మార్టిన్ లూథర్, ముప్ఫై ఏళ్ళ యుద్ధం, వెస్ట్‌ఫేలియా సంధి, అన్నీ ఆ పొయ్యిమీదే ఉడికాయి.

చిక్కెక్కడొచ్చిందంటే, సంతతో వచ్చిన చదువుకి మొదలే గానీ మధ్య ఉండదు. మొదటినుంచి అందుకుంటే నీళ్ళలా వస్తుంది. మధ్యలో ఒక ముక్క అడిగితే నాలుక పిడచకట్టుకుపోతుంది. మూడోసారి పరీక్షలో సరిగ్గా అదే అయింది. ‘పదహారవ శతాబ్దపు ధరల విప్లవమును వివరింపుము’ అని అడిగాడు. అది నాలుగో పాఠంలో సగం దాటాక వస్తుంది. అక్కడికి చేరాలంటే దుర్గాంబ పాఠం మొదటి వాక్యంనుంచి లోపల చెప్పుకుంటూ రావాలి. చెప్పుకుంది. పెదాలు కదుపుతోందని ఇన్విజిలేటర్ రెండుసార్లు కసిరాడు కూడా. అమెరికా గనుల్లో వెండి తవ్వి ఓడలకెత్తి, ఆ ఓడలు ఇంకా స్పెయిన్ రేవుకి చేరకుండానే గంట కొట్టేశారు. ముప్ఫైమూడు మార్కులు!

మార్కుల కాగితం పట్టుకుని దూరవిద్య వాళ్ళ ఆదివారం క్లాసుకి వెళ్ళింది. అక్కడ పాఠం చెప్పేది యేసుపాదం అని, డిగ్రీ కాలేజీ లెక్చరరు. ఆయన దగ్గర కూచుని ఏడవడం ఒక్కటే తక్కువ.

“ఇదేం మంత్రం కాదమ్మా, ఒక అక్షరం తప్పితే దోషం తగలడానికి. బట్టీ పట్టింది పక్కన పెట్టి, మీకేం అర్థమైందో అది రాయండి” అన్నాడాయన.

“నాకేం అర్థం కాలేదండీ. అర్థమయ్యేలా ఎవరు రాశారు గనక!”

“ఏదో ఒకటి అయ్యే ఉంటుంది. మీ ఇంట్లోంచి, మీ ఊళ్ళోంచి వెతకండి. దొరుకుతుంది.”

దుర్గాంబకి చిర్రెత్తుకొచ్చింది. యూరపుని మా ఇంట్లో ఏ మూల వెతకను? బియ్యం డబ్బాలోనా? పైకి అనలేదుగానీ, బస్‌స్టాండు దాకా అనుకుంటూనే నడిచింది.

వెతకలేదు. అదే వచ్చి మీద పడింది. పట్టాభిపురంలో ఒకరింట్లో తద్దినం. ఆ ఇంటి కొత్తకోడలు అన్విత వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వంట చూస్తోంది. బెంగుళూరులో పెరిగిన పిల్ల, అన్నీ కొత్తే.

“పిన్నిగారూ, పచ్చట్లో రెండు పచ్చిమిరపకాయలు వేస్తే ఏమవుతుందండీ? అన్నీ చప్పగా ఉంటాయేమో.”

“మిరపకాయ పనికిరాదమ్మా. మిరియమే వెయ్యాలి.”

“పోనీ బంగాళాదుంప వేపుడు?”

“వద్దు.”

“టమాటా పప్పు? క్యాబేజీ?”

“ఊహూఁ. అరటికాయ, కంద, చేమదుంప, పొట్లకాయ, కాకరకాయ. ఇవీ వంటలు. మా అత్తగారు చెప్పిన పట్టీ ఇది.”

నోరు అన్వితతో మాట్లాడుతోంది. లోపల మాత్రం అయిదో పాఠం దాని దోవన అది నడుస్తూనే ఉంది. ‘నూతన ప్రపంచమునుండి పాత ప్రపంచమునకు వచ్చిన పంటలు: మొక్కజొన్న, బంగాళాదుంప, టమాటా, మిరప, పొగాకు, వేరుశనగ, జీడిమామిడి...’ గరిటె ఆగిపోయింది. పొయ్యిమీద పరమాన్నం కుతకుత ఉడుకుతోంది. దుర్గాంబ గోడకేసి చూస్తూ నిలబడిపోయింది.

అత్తగారి పట్టీ, పుస్తకంలో పట్టీ పక్కపక్కన పెట్టి చూసింది. పుస్తకంలో పంట ఒక్కటీ అత్తగారి పట్టీలో లేదు. ఆ పంటలు ఓడ దిగి రాకముందే ఈ వంట ఉంది! అయిదొందల ఏళ్ళ కిందటి వంటని, మాట పొల్లుపోకుండా సంత చెప్పినట్టు, అత్తలు కోడళ్ళకి చెబుతూ వచ్చారు. ఊరంతా కారం తింటున్నా, మిర్చి యార్డు ఘాటుకి సగం గుంటూరు తుమ్ముతున్నా, ఈ ఒక్క పొయ్యిమీదకి మాత్రం మిరపకాయ ఎక్కలేదు. కొలంబస్సూ, వాస్కోడగామా, పోర్చుగీసు ఓడలూ, మూడేళ్ళుగా ఆవిడ నాలుకమీద ఉత్త శబ్దాలుగా ఉన్నవన్నీ ఆ క్షణాన అర్థమైపోయాయి. అత్తగారు పరమాన్నంలో జీడిపప్పు వెయ్యనిచ్చేది కాదెందుకో కూడా అప్పుడే తెలిసింది. ఆవిడకి ఆనందం పట్టలేక నవ్వొచ్చేసింది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి పరమాన్నం అడుగంటింది.

స్కూటరు మీద ఇంటికి వస్తూ భర్తకి చెప్పింది. ఆయన మాడు వాసనకే కోపంగా ఉన్నాడు.

“శాస్త్రకారులు కొలంబస్‌ని అడిగి రాశారంటావు!”

“రాయలేదనేగా నేననేది. వాళ్ళకి తెలియదు కనకే రాయలేదు. తెలియనివాటిని లోపలికి రానివ్వలేదు.”

“సరే, మరి మునక్కాయ ఏ ఓడ దిగిందే? వంకాయో? సొరకాయో? అవి ఇక్కడివేగా! వాటినెందుకు వద్దన్నారు?”

వారంరోజులు ఆ మునక్కాయ ఆవిడకి అన్నం సయించనివ్వలేదు. చివరికి యేసుపాదాన్నే అడిగింది. ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. “అన్నీ ఒకే కారణానికి సరిపోవమ్మా. సరిపోనివి కూడా దాచకుండా చెప్పి, ఇక్కడిదాకా తెలుసు, ఇక్కడినుంచి తెలియదు అని రాయండి. చరిత్ర రాయడమంటే అదే. నా సర్వీసులో ఒక్క విద్యార్థి కూడా ఇలా ఆలోచించి రాలేదు” అన్నాడు. ఆ మాటకి దుర్గాంబ కళ్ళు చెమర్చాయి.

కింద వాటాలో ఉండే అంకమ్మరావు మాత్రం ఊరుకోలేదు. ప్రత్తిపాడు దగ్గర నాలుగెకరాల మిరప వేసే రైతు ఆయన. మెట్లమీద నిలబడి గట్టిగా దెబ్బలాడాడు.

“ఏందమ్మగారూ, మిరపకాయ మనది కాదంటున్నారంట! యార్డులో ఎవడన్నా వింటే ఊరుకుంటాడా? మా తాత పండించాడు, మా ముత్తాత పండించాడు.”

“మీ ముత్తాత పండించాడు సరే. ఆయన ముత్తాతకి ముత్తాత కూరలో ఏం వేసుకున్నాడు?”

“కారమే! కారం లేకుండా ముద్దెట్టా దిగుద్ది?”

“మిరియాలు వేసుకున్నాడు అంకమ్మరావుగారూ.”

అంకమ్మరావు తలగోక్కుంటూ, “రేటు లేని పంట, పైపెచ్చు మనది కూడా కాదంట. ఇంకెందుకు నేను బతకడం” అనుకుంటూ దిగిపోయాడు. ఆ రోజు దుర్గాంబ నవ్విన నవ్వు మళ్ళీ నవ్వలేదు.

నాలుగోసారి పరీక్షకి ఆవిడ భయం లేకుండా వెళ్ళింది. అదృష్టం చూడండి, మూడో ప్రశ్న అదే వచ్చింది. ‘నూతన ప్రపంచముతో ఏర్పడిన సంబంధములు పాత ప్రపంచపు ఆహారమును, వ్యవసాయమును ఎట్లు మార్చినవి?’ దుర్గాంబ పెదాలు కదపలేదు. మొదటినుంచి చెప్పుకోలేదు. కలం పెట్టింది, రాసింది. గుంటూరు మైదానంలో ఇవాళ ఏ పొలం చూసినా మిరప, పొగాకు, మొక్కజొన్నే కదా, ఇవేవీ అయిదొందల ఏళ్ళ కిందట ఇక్కడ లేవు అని మొదలెట్టింది. మరి అప్పుడేం తినేవాళ్ళో తెలియాలంటే తద్దినం వంట చూడాలంది. మిరియం సంగతి రాసింది, జీడిపప్పు సంగతి రాసింది. మునక్కాయ తన వాదానికి సరిపోవడం లేదని కూడా నిజాయితీగా రాసింది. పదకొండు పేజీలు. బయటికొస్తే స్కూటరు దగ్గర నిలబడ్డ భర్త, “ఏమిటే, మొహం అలా వెలిగిపోతోంది!” అన్నాడు.

ముప్ఫైనాలుగు వచ్చింది.

దుర్గాంబ నమ్మలేదు. దిద్దిన పేపరు నకలు కావాలని దరఖాస్తు పెట్టింది. నెలన్నరకి వచ్చింది. మిగతా నాలుగు ప్రశ్నలకీ, బట్టీపట్టి రాసినవాటికి, ఎనిమిదేసి మార్కులు వేశాడు. మూడో ప్రశ్నకి ఇరవైకి రెండు. పక్కన ఎర్రసిరాతో ‘అడిగినది వంటల గురించి కాదు’ అని రాసి ఉంది. అంతే. పదకొండు పేజీల్లో ఇంకెక్కడా ఒక్క చుక్క పెట్టలేదు. చదివినట్టు కూడా లేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఆవిడ ఎంత ఏడిచిందో, అంత తిట్టింది. ఫెయిలైనందుకు కాదు. బుర్ర పెట్టకుండా రాసిందానికి ఎనిమిది, పెట్టి రాసిందానికి రెండా? ఇదేం న్యాయం? మళ్ళీ దిద్దించమంటే, మార్పు లేదని ఒక వాక్యంలో జవాబు పంపారు.

యేసుపాదం ఆ నకలు ఆసాంతం చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“దిద్దేవాడి ముందు రోజూ గుట్టలు గుట్టలు పేపర్లు పడేస్తారమ్మా. వాడి చేతిలో ఒక కీ పేపరుంటుంది. అందులో మాట కనబడితే టిక్కు పెడతాడు. కనబడకపోతే లేదు.”

“మరి రాయమన్నది మీరే కదండీ!”

“నేనే. తప్పు నాదే” అన్నాడాయన. కాసేపాగి, “ఇది ఆఖరి అవకాశం. ఈసారి గైడులో ఉన్నదే రాయండి. ఒక్క ముక్క కూడా సొంతంగా రాయకండి” అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకీ కష్టంగానే ఉంది.

ఆ ఏడాదంతా దుర్గాంబ గైడు చదివింది. ఈసారి పాఠాలని ముక్కలు ముక్కలుగా కోసింది. అనంతపద్మనాభానికీ పట్టుదల వచ్చింది. వేదం చదివినవాడు కదా, ఎక్కడ పట్టుకుని అడగాలో ఆయనకి తెలుసు. స్కూటరు నడుపుతూ నడుపుతూ లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి “గొర్రెలు!” అని అరిచేవాడు. వెనక కూచున్న దుర్గాంబ వెంటనే కంచెల ఉద్యమానికి ఆరు కారణాలు అప్పజెప్పేది. “వెండి!” అంటే ధరల విప్లవం. “మేకులు!” అంటే లూథరు చర్చి తలుపుకి కొట్టిన కాగితం. పక్క ఆటోవాళ్ళు వీళ్ళకి మతిపోయిందనుకునేవాళ్ళు. ఆరునెలల్లో ఎక్కడినుంచి అడిగినా చెప్పగలిగింది. ఒక్క ముక్క కొత్తగా అర్థం కాలేదు, ఒక్క ముక్క పోలేదు.

ఐదోసారి పరీక్ష మహాలయ పక్షంలో పడింది. ఆ పదిహేను రోజులూ ఊపిరి తీసుకోవడానికి ఉండదు. అయినా అనంతపద్మనాభం ఆ పూటకి ఒప్పుకున్న వంటకి వేరే ఆవిణ్ణి బతిమాలి పెట్టి, దుర్గాంబని స్కూటరు మీద దింపాడు.

ప్రశ్నాపత్రం విప్పింది. నాలుగో ప్రశ్న రెండుసార్లు చదివింది. మాటలు కొంచెం తేడా. విషయం అదే. పంటలు, ఆహారం, పాత ప్రపంచం, కొత్త ప్రపంచం.

దుర్గాంబ కలం పట్టుకుని చాలాసేపు కూచుంది. ఆవిడ బుర్రలో జవాబులు రెండున్నాయి. ఒకటి తనది. నకలు వచ్చాక ఏడాదిగా దాని గురించి ఇంకా ఆలోచించింది కూడా. మునక్కాయ చిక్కుముడి కొంత విడింది, ఇప్పుడు రాస్తే ఇంకా బాగా రాస్తుంది. రెండోది గైడుది. అది రాస్తే పిల్లల ముందు నిలబడొచ్చు. తనది రాస్తే రేపు తెల్లారి మళ్ళీ తడిబట్ట, మళ్ళీ పొయ్యి, మళ్ళీ తద్దినాల దుర్గమ్మ. ఇంకోసారి మొదటినుంచి చదివే ఓపిక తనకి లేదని ఆవిడకి బాగా తెలుసు.

‘నూతన ప్రపంచ ఆవిష్కరణ ఫలితముగా ఈ క్రింది మార్పులు సంభవించినవి. ఒకటి...’ అని మొదలుపెట్టింది. ఎనిమిది పాయింట్లు. ప్రతి పాయింటు కిందా గీత. ఎక్కడా మిరియం మాట రానివ్వలేదు. ముప్ఫై నిమిషాల్లో అయిపోయింది.

యాభై రెండు వచ్చింది. ఆ ప్రశ్నకి ఇరవైకి పదిహేను వేసి ఉంటాడని యేసుపాదం లెక్కగట్టాడు. అనంతపద్మనాభం మిఠాయి పంచాడు. అంకమ్మరావు మెట్లెక్కి వచ్చి, “సాధించారమ్మగారూ! మిరపకాయ సంగతి రాశారా మరి?” అని అడిగాడు.

“లేదండీ. రాయలేదు కాబట్టే పాసయ్యాను” అంది దుర్గాంబ. ఆయన హాస్యమనుకుని నవ్వాడు.

జూన్లో ఉద్యోగం వచ్చింది. నసీమున్నీసా మేడమ్ అన్న మాట నిలబెట్టుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం, ముప్ఫై రెండుమంది ఆడపిల్లలు. “పాయింట్లు చెప్పించండి చాలు, కథలొద్దు. మన కాలేజీకి పర్సంటేజీ ముఖ్యం” అని మొదటిరోజే చెప్పింది. దుర్గాంబ సరేనంది. నెలరోజులు సరేనన్నట్టే చెప్పింది కూడా.

ఆ రోజు పాఠం సముద్రయానాల మీద. కొత్త పంటల పట్టీ చదువుతుంటే, మూడో బెంచీలో షారోన్ అనే పిల్ల లేచి నిలబడింది. ఫిరంగిపురంనుంచి రోజూ బస్సులో వస్తుంది. నాన్న కౌలుకి మిరప వేస్తాడు, అమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఇంటర్ తప్పితే చదువు మాన్పిస్తానని నాన్న ముందే చెప్పాడు.

“మేడం, మిరప కూడా అక్కడిదేనా? మరి అంతకుముందు మనోళ్ళు కారానికి ఏం వేసుకునేవాళ్ళు?”

దుర్గాంబ పుస్తకం బల్లమీద పెట్టేసింది. ఆపుకుందామనే చూసింది, కానీ ఆగలేదు. తద్దినం అంటే ఏమిటో ఆ పిల్లలకి చెప్పింది. అత్తగారి పట్టీ చెప్పింది. అడుగంటిన పరమాన్నం సంగతి చెబితే క్లాసు గొల్లున నవ్వింది. మునక్కాయ చిక్కు చెప్పి, మీకేమన్నా తోస్తే చెప్పండర్రా అంది. ముప్ఫై రెండుమందీ కదలకుండా వింటున్నారు. షారోన్ అయితే తలెత్తకుండా రాసుకుంటోంది. ఉన్నట్టుండి కలం ఆపింది.

“మేడం, మా ఇంట్లో తద్దినాలు పెట్టరు. కానీ మా నాయనమ్మ బాలింతలకి మిరపకాయ పెట్టనివ్వదు మేడం. మిరియాలు, వెల్లుల్లి వేసిన కారమే పెడుద్ది. జ్వరమొచ్చినా మిరియాల చారే. అది కూడా ఇందుకేనా? అది కూడా పాతకాలం వంటేనా?”

ఇన్నేళ్ళుగా దుర్గాంబ దీనిమీద ఆలోచిస్తోంది, పథ్యం సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు! తన పొయ్యి ఒక్కటే ఆ పాత వంటని దాచిందనుకుంది. ఊరూరా, ఇంటింటా బాలింత గదిలో కూడా ఉందన్నమాట. “ఎంత మంచి మాట అన్నావే తల్లీ!” అంది. “అయ్యుండొచ్చు. మీ నాయనమ్మని ఇంకా అడుగు. ఏమేం పెట్టదో అన్నీ రాసుకురా.”

గంట కొట్టారు. షారోన్ ఇంకా నిలబడే ఉంది.

“మేడం, పబ్లిక్ పరీక్షలో ఇది రాయొచ్చా?”

దుర్గాంబకి ఎర్రసిరా గుర్తొచ్చింది. ఈ పిల్ల పాసైతేనే డిగ్రీకి పంపుతానని వాళ్ళ నాన్న అన్న సంగతీ గుర్తొచ్చింది.

“రాయొద్దమ్మా” అంది. “పుస్తకంలో ఉన్న పాయింట్లే రాయి.”

షారోన్ తలూపింది. కూచుని, అప్పటిదాకా రాసుకున్న పేజీకి ఈ మూలనుంచి ఆ మూలకి గీత కొట్టేసింది.

“అయ్యో, కొట్టెయ్యకే! పరీక్షలో రాయొద్దన్నానుగానీ కొట్టెయ్యమన్నానా!” దుర్గాంబ గబగబా బెంచీ దగ్గరికి వెళ్ళింది.

“మరి దీన్నేం చేసుకోమంటారు మేడం?”

వెక్కిరింపుగా అనలేదు ఆ పిల్ల. నిజంగానే అడిగింది. కలం పట్టుకుని జవాబు కోసం చూస్తోంది. దుర్గాంబ ఆ కొట్టేసిన పేజీని తనవైపు తిప్పుకుంది. తరవాతి పీరియడు ఇంగ్లీషు సారు సాల్మన్ సుద్దముక్కల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి, “అయిందా మేడం?” అని అడుగుతున్నాడు.